కింది సగం

ఊర్మిళ ఇంకా టైపు చేస్తూనే ఉంది. అనిల్ ఆమె భుజం పక్కనుంచి చెయ్యి చాపి, మీట నొక్కి, తెరని పైకి లాగేశాడు. టక్కుమని చిన్న చప్పుడైంది. ఆమె వేళ్ళ కింద అక్షరాల మీటలు మాత్రం మిగిలాయి.

"ఒక్క వాక్యం ఉంది సార్," అంది.

"వచ్చాక కొట్టుకో. బోద్రీలో హైకోర్టు దగ్గర పార్కింగ్ దొరకదు మళ్ళీ." తెరని పుస్తకంలా చంకలో పెట్టుకుని కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

అది రెండు ముక్కల కంప్యూటరు. తెరని కింది ముక్కలో గుచ్చితే లాప్‌టాప్‌లా బల్లమీద నిలబడుతుంది. ఊడదీస్తే తెర ఒక్కటీ చేతిలో పట్టుకుని తిరగొచ్చు, వేలితో తాకి పని చేసుకోవచ్చు, ఫొటోలూ వీడియోలూ తియ్యొచ్చు. ఆఫీసులో తెరని ట్యాబ్ అంటారు. కింది ముక్కకి పేరంటూ లేదు. కొన్నాళ్ళుగా రెండూ సరిగ్గా కలవడం లేదు. ఊర్మిళ అట్టముక్క మడిచి సందులో దోపి నెట్టుకొస్తోంది.

లాయరు సత్యనారాయణమూర్తి గారి దగ్గర ఆమె టైపిస్టు. అనిల్ ఆయన మేనల్లుడు, జూనియరు. తీర్పులూ కాగితాలూ చూడటం మూర్తిగారి పని, కక్షిదారులతో మాట్లాడటం అనిల్ పని. మిగిలినవన్నీ ఊర్మిళ పని.

బయట బెంచీమీద అప్పయమ్మ గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊర్మిళ ఫైళ్ళ సంచీ తీసుకుని రాగానే లేచింది.

"ఎల్దామా అమ్మీ? నాకు పొద్దుట్నుంచి గుండెలు పీకుతన్నాయి."

"భయమేటి పిన్నీ. ఇయ్యాల పోలయ్య తాత మాటాడతాడు కదా."

ఆ మాటకి అప్పయమ్మ చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇద్దరూ షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నారు. దారంతా అప్పయమ్మ ఊర్మిళ మణికట్టు వదల్లేదు.

కోర్టు ఆవరణలో మధ్యవర్తిత్వం గది చిన్నది. గుండ్రటి బల్ల, మంచినీళ్ళ సీసాలు, గోడకి కూలరు. అటువైపు అప్పయమ్మ మరిది అప్పలస్వామి, అతని వకీలు. రైల్వే క్వార్టర్ల వెనక తోర్వాలో అప్పయమ్మ ఉంటున్న ఇల్లు తనదంటాడు అతను. స్థలం కాగితం అతని పేరుమీదే ఉంది. అన్న పోయాక వదిన్ని ఖాళీ చెయ్యమన్నాడు. కింది కోర్టులో గెలిచాడు. అప్పీలు విన్న జడ్జీలు ఇంటి గొడవ ఇంటివాళ్ళే తేల్చుకోవచ్చేమో చూడమని ఇక్కడికి పంపారు.

మధ్యవర్తి మేడమ్ పెద్దావిడ, హిందీలో నెమ్మదిగా మాట్లాడుతుంది. "పోయినసారి ఒక ముసలాయన మాట వినిపిస్తామన్నారు," అంది అనిల్‌తో.

"యస్ మేడమ్." అనిల్ తెరని బల్లమీద నిలబెట్టి వేలితో తోశాడు. ఇటు తోశాడు, అటు తోశాడు. పైకి లాగాడు. అతని చెవులు ఎర్రబడటం గుమ్మం పక్కన నిలబడ్డ ఊర్మిళకి కనపడింది.

పోలయ్య తాపీ మేస్త్రి. ఆ ఇంటి గోడలు కట్టినవాడు. అప్పలస్వామికి చిన్నప్పుడు పని నేర్పినవాడు కూడా. ఆయన మంచం పట్టి ఉండగా ఊర్మిళే తెర పట్టుకుని వెళ్ళి ఆయన మాటలు వీడియో తీసింది. ఆ తరువాత కొద్దిరోజులకే ఆయన పోయాడు.

"మేడమ్, సారీ," అన్నాడు అనిల్ చివరికి. వేలు వెనక్కి చూపించాడు. "మా ఆపరేటర్ సేవ్ చెయ్యలేదు."

అందరూ తలలు తిప్పారు. ఊర్మిళ నోరు తెరిచింది. "నేను సేవ్ చేశాను. చూపించాను కూడా మీకు."

"మరెక్కడుంది? చూపించు." తెరని ఆమెవైపు తోశాడు.

ఆమె వంగి చూసింది. తను పేరు రాసి పెట్టిన ఫోల్డరే లేదు. మేడమ్ వచ్చే శుక్రవారానికి వాయిదా రాసింది. అప్పలస్వామి మీసం దువ్వుకుని, "లేని మాట ఎక్కడ్నుంచి తెస్తారు మేడమ్," అన్నాడు హిందీలో.

బయట వరండాలో అప్పయమ్మ ఊర్మిళ రెండు చేతులూ పట్టుకుని అరచేతులు పైకి తిప్పింది. చాలాసేపు వాటినే చూసింది.

"పోలయ్య మల్లీ వస్తాడేటే? సచ్చిపోయినోడు మల్లీ వచ్చి సెప్తాడా?" ఆమె గొంతు పెరగలేదు. "ఈ సేతులు పడిపోను. పచ్చవాతమొచ్చి పడిపోను."

వకీళ్ళు, గుమాస్తాలు వాళ్ళని తప్పుకుంటూ నడిచివెళ్ళారు. అప్పయమ్మ ఒక్కతే వెళ్ళి ఆటో ఎక్కింది. ఊర్మిళ ఎక్కబోతే సంచీ తీసి పక్క సీటుమీద పెట్టేసింది.

*

సాయంత్రం అనిల్ తెరని బల్లమీద పడేసి వెళ్ళాక ఊర్మిళ దాన్ని తెరిచి చూసింది. పోలయ్య వీడియో ఉండాల్సిన చోట క్రికెట్ మ్యాచ్‌లున్నాయి. ఒకటి కాదు, వరసగా. వాటికింద ఏదో హిందీ సిరీసు. తెరలో చోటు తక్కువ. అవి పట్టాలంటే ఏదో ఒకటి తియ్యాలి. తీసేశాడు.

మూర్తిగారు లోపల్నుంచి కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చారు. ఆమె తెర ఆయన ముందు పెట్టింది.

"సార్, నేను సేవ్ చేశానండి. ఇవి ఎక్కించడానికి అనిల్ సార్ తీసేసినట్టున్నారు."

ఆయన తెరవైపు చూశారు గాని వంగలేదు. "వాడు అలా అనలేదే అమ్మా."

"అనరు కదండీ."

ఆయన ముఖం కొంచెం బిగిసింది. "అయిపోయిందేదో అయిపోయింది ఊర్మిళా. పనిలో పొరపాట్లు వస్తాయి. నేనేమీ అనటం లేదుగా నిన్ను. ఇకముందు జాగ్రత్తగా ఉండు." ఎంతో దయగా అన్నారు. ఊర్మిళ తెర తీసి బల్లమీద పెట్టి సంచీ తీసుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి కాలనీ అంతా తెలిసిపోయింది. రైల్వే క్వార్టర్ల వెనక మరిడమ్మ గుడి ముందు ఆడవాళ్ళు ఘటాల పండగ మాట్లాడుకోవడానికి చేరారు. శ్రీకాకుళం వైపునుంచి రైలు పనికి వచ్చినవాళ్ళు తమతో తెచ్చుకున్న పండగ అది. ప్రతి ఏడాదీ మొదటి ఘటం పెళ్ళికాని పిల్ల ఎత్తుకోవాలి. ఈసారి ఊర్మిళ అని ఉగాదినాడే అనుకున్నారు. ఊర్మిళ నాయనమ్మ లక్ష్మీనరసమ్మ అప్పుడే పసుపుచీర కూడా కొనిపెట్టింది.

ఘటాలకి పెద్ద అప్పయమ్మే. అరుగుమీద కూర్చుని వేపకొమ్మలు విరుస్తోంది. ఊర్మిళ వచ్చి నిలబడటం చూసింది. చూడనట్టే పక్కావిడతో అంది.

"ఈ గుంట ఒద్దు. దీని సేతుల్లో ఏదీ నిలవదు."

ఒకామె పసుపు నూరుతూ నూరుతూ ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. లక్ష్మీనరసమ్మ మాత్రం లేచింది.

"ఏటి అప్పయమ్మా అలాగంతావు? దాని తప్పేటున్నాది ఇందల?"

"నాకు తెల్దు అత్తా. కోర్టుల ఆ వకీలు బాబు అందరెదర సెప్పినాడు. సదువుకున్నోడు అబద్ధమెందుకు సెప్తాడు?"

ఊర్మిళ నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. లక్ష్మీనరసమ్మ పసుపుచీర మడత విప్పకుండానే ట్రంకుపెట్టె అడుగున పెట్టేసింది. ఊర్మిళ గుమ్మంలో కూర్చుని తన అరచేతులు చూసుకుంది. తనకి అప్పయమ్మ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కాని ఆ కోపం చుట్టూ తిరిగి తిరిగి, కారు తాళాలు తిప్పుకుంటూ నడిచే ఆ వేలి దగ్గరకే చేరుతోంది.

*

మర్నాడు పొద్దున్నే ఆఫీసు తలుపు తెరిచి, బల్ల తుడిచి, కింది ముక్కని వెలుతురులోకి తిప్పింది. అక్షరాలు కూడా పడటం మానేశాయి. తెర గుచ్చే గాడిలో సన్నటి ఇత్తడి పళ్ళ వరస ఉంటుంది. వాటిమీద నల్లగా మురికి పేరుకుంది. పెన్సిల్ రబ్బరు అంచు కోసి సన్నంగా చేసి ఒక్కొక్క పన్నూ రుద్దింది. రబ్బరు పొట్టు ఊదింది. గాడిలో ఇరుక్కున్న బిస్కెట్ ముక్కని పిన్నీసుతో తీసింది. అది అనిల్ తినే బిస్కెట్టే. తరువాత అట్టముక్క లేకుండా తెర గుచ్చింది. ఈసారి సగం చప్పుడు కాదు, నిండుగా వచ్చింది టక్కు.

తెరమీద మూల చిన్న బొమ్మ ఒకటి పైకి వచ్చింది. ఊర్మిళ దానివైపు చూస్తూ ఉండిపోయింది.

తెరలో చోటు తక్కువని కింది ముక్కలో పెద్ద డిస్కు పెట్టి అమ్ముతారు వీటిని. తెర గుచ్చినప్పుడే ఆ డిస్కు కనపడుతుంది, ఊడదీస్తే ఉండదు. పోలయ్య వీడియో తీసిన రోజు సాయంత్రం ఆమె అన్నిటికీ నకలు దాంట్లోకి ఎక్కించబోయింది. ఎక్కుతూ ఉండగానే అనిల్ వచ్చి తెర లాక్కుపోయాడు. ఆ తరువాత డిస్కు మళ్ళీ కనపడలేదు. నకలు సగంలో తెగిపోయిందనుకుంది. డిస్కే పోయిందనుకుంది.

తెరిచింది. ఇంటి ఫొటోలు సగమే ఉన్నాయి. పోలయ్య మాత్రం మొత్తం ఉన్నాడు.

ధ్వని బాగా తగ్గించి, చెవి తెర దగ్గర పెట్టింది. దగ్గు. మంచం కిర్రుమనడం. "తాతా, ఇటు చూడు," అని తన గొంతే. "ఏటమ్మీ ఇది, అద్దమా?" అని పోలయ్య.

ఆమె లేచి నిలబడింది. మూర్తిగారి తలుపు కొట్టాలి. అక్కణ్నుంచి పరుగెత్తుకుంటూ అప్పయమ్మ దగ్గరకి పోవాలి. చెప్పులు వేసుకుంది. గుమ్మంలో అనిల్ ఎదురయ్యాడు. చేతిలో సమోసా పొట్లం.

"అరె, ముఖం అలా పెట్టావేంటి? నిన్నటి సంగతేనా?" బల్లమీద ఒక కాలు ఆనించి కూర్చుని, ఒక సమోసా ఆమెవైపు జరిపాడు. "సీరియస్ తీసుకోకు యార్. ఆ టైములో ఎవరో ఒకరి పేరు చెప్పాలి. నా పేరు చెప్పుకుంటే రేపు ఏ పార్టీ నా దగ్గరకి వస్తాడు? నాకు బార్‌లో, వకీళ్ళ మధ్య, పేరు కావాలి. నీకేముంది? పోవడానికి నీకు పేరేముంది?"

వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అడిగాడు.

ఊర్మిళ సమోసా తీసుకుంది. "నిజమే సార్," అంది. తరువాత బల్ల దగ్గరికి వెళ్ళి, తెరమీది ఆ చిన్న బొమ్మని మూసేసి, మీట నొక్కి, తెర తనే ఊడదీసి అతని చేతికిచ్చింది.

"అచ్ఛా, ఈరోజు నువ్వే ఇచ్చావే," అని నవ్వాడు అనిల్.

*

అప్పటినుంచి ఊర్మిళ పని తప్పులేకుండా చేసింది. అడిగిన కాగితం అడగకముందే తెచ్చింది. అనిల్ పిలిస్తే వెంటనే పలికింది. లోపల మాత్రం శుక్రవారాన్ని రోజూ పేర్చుకుంటోంది. అతను ఎక్కడ కూర్చుంటాడు, ఎటు చూస్తాడు, చెవులు ఎప్పుడు ఎర్రబడతాయి, ఏ మాట అన్నాక తను లేవాలి. ఆ మాట కూడా ఎంచుకుంది. అది పోయింది, ఇక రాదు అని అతను అందరిముందూ తన నోటితో అనాలి. అంతకుముందు లేవకూడదు.

సాయంత్రాలు ఇంటికి వెళ్ళాక కూడా ఆ గదినే చూస్తూ అన్నం తినేది. "ఏటే నీలో నువ్వే నవ్వుకుంటన్నావు?" అంది ఒకసారి నాయనమ్మ. "ఏటీ నేదు," అంది.

బుధవారం అప్పయమ్మ ఆఫీసుకి వచ్చింది. కొద్దిరోజుల్లోనే మెడ ఎముకలు బయటపడ్డాయి. బెంచీ చివర కూర్చుంది. ఊర్మిళ మంచినీళ్ళు తెచ్చి పట్టుకుంది. అప్పయమ్మ గ్లాసు వైపు చూడలేదు.

అనిల్ కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాడు. "చూడమ్మా, నీ మరిది మంచివాడు. వెనకగది నువ్వు బతికున్నన్నాళ్ళూ ఉండమంటున్నాడు. సంతకం పెట్టెయ్. సాక్షి లేడు. కాగితం అతని పేరుమీద ఉంది. ఇంకేముంది మన దగ్గర?"

"ముందుగదిల మా ఆయన పోయినాడు బాబూ. నాను వెనకగదిలకెలా ఎల్తాను?"

"పోయినవాళ్ళ సంగతి కాదమ్మా, ఉన్నవాళ్ళ సంగతి చూడాలి."

అప్పయమ్మ చేతివేళ్ళు సంచీ పట్టీని మెలిపెడుతున్నాయి. విడుస్తున్నాయి, మళ్ళీ మెలిపెడుతున్నాయి. ఊర్మిళ గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది. ఒక్క మాట చాలు. పిన్నీ, ఉంది, పోలేదు. నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఇప్పుడు చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అనిల్ ఎగిరి గంతేస్తాడు. దొరికింది చూశారా అంటాడు. తనే వెతికి తీసినట్టు శుక్రవారం వినిపిస్తాడు. మూర్తిగారు భుజం తడతారు. తన చేతులు మాత్రం వరండాలో పడిపోయినవి పడిపోయినట్టే ఉంటాయి.

ఆగు పిన్నీ, శుక్రవారం దాకా ఆగు, అనుకుంది. నన్ను శపించినప్పుడు నువ్వు ఆగావా, అని కూడా అనుకుంది. నీళ్ళు తీసుకెళ్ళి తులసికుండీలో పోసేసింది.

సాయంత్రం మూర్తిగారికి టీ ఇస్తూ అంది. "సార్, శుక్రవారం మీరూ వస్తే బాగుంటుందని అప్పయమ్మగారు అడుగుతున్నారండి. మీరుంటే ధైర్యంగా ఉంటుందట."

అప్పయమ్మ అలా అడగలేదు. మూర్తిగారు డైరీ తిప్పి చూసి, "సరే, వస్తాను," అన్నారు.

*

శుక్రవారం ఊర్మిళ కింది ముక్కని తువ్వాలులో చుట్టి, టిఫిన్ డబ్బాతో పాటు సంచీలో పెట్టుకుంది. కారులో వెనక సీటులో కూర్చుంటే అది మోకాళ్ళకి ఒత్తుకుంటోంది. కారు నడుపుతున్న అనిల్ సిగ్నల్ పడ్డప్పుడల్లా తెరలో మ్యాచ్ చూసుకుంటున్నాడు. సంచీలో ఏముందని ఎవరూ అడగలేదు.

గదిలో అందరూ వాళ్ళ వాళ్ళ చోట్లలో కూర్చున్నారు. మూర్తిగారిని చూసి మేడమ్ లేచి నమస్కారం పెట్టింది. ఊర్మిళకి బల్లదగ్గర కుర్చీ లేదు. గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంది.

"ఆ ముసలాయన మాట దొరికిందా?" అంది మేడమ్.

"లేదు మేడమ్. చెప్పాను కదా, ఆపరేటర్ తప్పు." అనిల్ ఈసారి వెనక్కి వేలు కూడా చూపించలేదు. "కొత్త అమ్మాయి, పల్లెటూరి చదువు. మా క్లయింట్ రాజీకి ఒప్పుకున్నారు. అందుకని దాని అవసరం కూడా లేదు."

మూర్తిగారు కొంచెం కదిలారు. "ఒప్పుకున్నావా అమ్మా?" అని అడిగారు తెలుగులో.

అప్పయమ్మ తలెత్తలేదు. "ఏటి సెయ్యమంతారు బాబూ. నాకెవులున్నారు."

అప్పలస్వామి వకీలు కాగితాలు ఆమె ముందుకి జరిపాడు. ఎక్కడ సంతకం పెట్టాలో పెన్నుతో గీత గీశాడు. అప్పయమ్మ పెన్ను తీసుకుంది. ఆమెకి రాయడం వచ్చిందల్లా తన పేరొక్కటే. కాగితానికి బాగా దగ్గరగా వంగింది.

అ రాసింది. చాలాసేపు పట్టింది.

ఊర్మిళ అనిల్ ముఖం చూస్తోంది. అనలేదు ఇంకా. ఆ మాట అనలేదు.

అప్పయమ్మ ప్ప రాసింది. వత్తు వంకర పోయింది. పెన్ను ఎత్తి, మళ్ళీ ఆనించింది.

"ఒకసారి సంతకమయ్యాక వెనక్కి రావడం ఉండదు," అంది మేడమ్ నెమ్మదిగా. "ఆ వీడియో నిజంగా తిరిగి రాదా? ఎవరైనా నిపుణుల దగ్గర చూపించారా?"

అప్పయమ్మ య రాయడం మొదలుపెట్టింది. ఊర్మిళ చేతులు సంచీమీద బిగుసుకున్నాయి. అప్పయమ్మ ముక్కుకొననుంచి ఒక చుక్క కాగితం మీద పడి, ప్ప చుట్టూ సిరా ఉబ్బింది. లేవాలి. ఇప్పుడే లేవాలి. ఆమె లేవలేదు.

"పోయింది మేడమ్," అన్నాడు అనిల్. "దేవుడు దిగివచ్చినా అది రాదు."

"ఉందండీ," అంది ఊర్మిళ.

ఆ గొంతు మరీ గట్టిగా వచ్చింది. అప్పయమ్మ పెన్ను ఆగింది. చివరి అక్షరం ఇంకా రాయలేదు.

ఊర్మిళ బల్లదగ్గరకి వచ్చి సంచీలోంచి తువ్వాలు తీసింది. మడతలు విప్పింది. కింది ముక్కని కాగితాలమీదే పెట్టింది. అనిల్ వైపు చెయ్యి చాపింది. అతను కదలలేదు.

"ఇవ్వు అనిల్," అన్నారు మూర్తిగారు.

తెర చేతులు మారింది. ఆమె గాడిలో ఆనించి రెండు బొటనవేళ్ళతో నొక్కింది. టక్కుమంది. మూల చిన్న బొమ్మ వచ్చింది.

పోలయ్య దగ్గాడు.

గది అంతా ఆ దగ్గు నిండిపోయింది. "ఏటమ్మీ ఇది, అద్దమా? నా ముఖం నాకే కనపడతన్నాది." ఊర్మిళ నవ్వు. తరువాత మంచం కిర్రుమంది. "సెప్తాను, ఇను. పునాది తీసిననాడు అప్పలసామి నా కాడికొచ్చినాడు. కొబ్బరికాయ ఆడే కొట్టినాడు. కాయితం నా పేరున ఉన్నాదిగాని ఇల్లు అన్నదీ వొదినదీ, నన్ను సాకినారు, నాకేటీ ఒద్దు మేస్త్రీ అన్నాడు. ఆడు నా సేతికింద పెరిగిన గుంటడు. ఆడు మాట తప్పడు. కోర్టుకెల్లినాడని మీరంతే నాను నమ్మను. ఎవులో ఎక్కించుంతారు. ఆడు నా కాడికొస్తే నాను అడుగుతాను. రమ్మనండి ఆడ్ని ఓపాలి. నాను పోకముందర ఓపాలి రమ్మనండి."

అప్పలస్వామి బల్ల అంచు పట్టుకున్నాడు. అతని వకీలు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. తెరమీద పోలయ్య ఇంకా ఇటే చూస్తున్నాడు, ఎవరో వస్తారన్నట్టు.

"నన్ను పిలిసినాడా?" అన్నాడు అప్పలస్వామి. ఊర్మిళని అడిగాడు. "మా మేస్త్రి నన్ను రమ్మన్నాడా? నాకెవులూ సెప్పనేదు."

అతను లేచి, అప్పయమ్మ ముందున్న కాగితాలు లాగి, మధ్యకి చింపి, ముక్కలు తన జేబులోనే కుక్కుకున్నాడు. "ఇంకో కాయితం రాయండి మేడమ్. ఇల్లు వొదినదే అని రాయండి. ఆ ముసిలోడి ముందర నాను కూకోలేను," అని తెలుగులో అనేసి వరండాలోకి వెళ్ళిపోయాడు. మూర్తిగారు మేడమ్‌కి ఆ మాటలు హిందీలో చెప్పారు.

అనిల్ మాత్రం కింది ముక్కవైపే చూస్తున్నాడు. గాడిలో ఇత్తడి పళ్ళు బంగారంలా మెరుస్తున్నాయి.

"ఇది ఎప్పటినుంచి ఉంది నీ దగ్గర?" అన్నాడు.

"ఇప్పుడే కనపడింది సార్."

"అబద్ధం. ఇక్కడికి మోసుకొచ్చావంటే ముందే తెలుసు నీకు." అతని గొంతు సన్నబడింది. "మామయ్యా, ఆ రోజు దీన్ని శుభ్రం చేసింది, నేను చూశాను. రబ్బరు పొట్టు ఉంది బల్లమీద. అప్పుడే దొరికింది దీనికి. కావాలనే దాచింది. ఈవిడ సంతకం పెడుతుంటే కూడా చూస్తూ కూర్చుంది."

ఒక్కొక్క మాటా నిజం.

అప్పయమ్మ కుర్చీలోంచి లేచింది. "పోయినపాలి సేవు సెయ్యనేదన్నావు. ఇయ్యాల దాసీసిందంతన్నావు. రేపు ఏటంతావు బాబూ? ఈ గుంట మోసుకొచ్చి నా ఇల్లు నాకిచ్చింది. దీన్ని ఇంకో మాటన్నావంతే బాగోదు." ఊర్మిళ రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు తన కళ్ళకి అద్దుకుంది. "నా నోరు పడిపోను. నా నోరే పడిపోను అమ్మీ."

మూర్తిగారు కళ్ళజోడు తీసి మడిచారు. "అనిల్, నువ్వు బయట కూర్చో." మేనల్లుడు తెరకోసం చెయ్యి చాపితే ఆయన చేత్తో ఆపారు. "అది అలాగే ఉండనీ. ఇక ఊర్మిళ దగ్గరే ఉంటుంది."

అతను ఖాళీ చేతులతో వెళ్ళాడు. నడుస్తూ కారు తాళాలు తీశాడు గాని తిప్పలేదు. ఊర్మిళ రోజూ పేర్చుకున్న శుక్రవారం ఇదే. అనుకున్నదానికంటే ఎక్కువే దొరికింది. అతను గుమ్మం దాటేదాకా ఆమె ఆ వీపునే చూసింది.

*

ఆదివారం డప్పులు మోగాయి. లక్ష్మీనరసమ్మ పసుపుచీర మడతలు ఊర్మిళ నడుం దగ్గర తనే సర్దింది. ఘటం నెత్తిమీద పెట్టే ముందు అప్పయమ్మ బిందెతో వచ్చి, నేలమీద కూర్చుని, ఊర్మిళ పాదాల మీద పసుపునీళ్ళు పోసింది. పిల్ల పాదాలు పెద్దావిడ కడగడం ఘటం మోసేరోజు మాత్రమే జరుగుతుంది.

నీళ్ళు చల్లగా తగిలాయి. అప్పయమ్మ మడమలు రుద్దుతూ, డప్పుల మధ్య ఊర్మిళకొక్కదానికే వినపడేలా అంది.

"ఎవులికీ సెప్పనేదమ్మీ. గురువారం పొద్దున్న పట్టాల కాడికి ఎల్లిపోనాను. సంతకం పెట్టి ఆ వెనకగదిల పడుండేకన్నా ఇదే నయమనుకున్నాను. గూడ్సుబండి వొస్తన్నాది. ఘటాలకి పసుపు నూరలేదు కదా అని గుర్తొచ్చి తిరిగొచ్చీసినాను. నువ్వు ఒక్కరోజు ముందర సూసుంతే..." ఆగి, ఊర్మిళ పాదం ఒళ్ళోకి తీసుకుని చెంగుతో తుడిచింది. "నీకేటి తెల్సు పాపం. నీకు తెలిస్తే పరుగెట్టుకుని రావా?"

ఎవరో ఘటం ఎత్తి ఊర్మిళ తలమీద పెట్టారు. వేపాకులు చెవులమీదకి వాలాయి. అది అనుకున్నదానికంటే బరువుగా ఉంది. రెండు చేతులూ ఎత్తి పట్టుకుంది.

"కదలమ్మా," అన్నారు వెనకనుంచి.

మొదటి మలుపులో పండగ చూడటానికి వచ్చినవాళ్ళ మధ్య మూర్తిగారు నిలబడి దణ్ణం పెడుతున్నారు. ఆయన పక్కన అనిల్ ఉన్నాడు. చేతులు జోడించలేదు. ఘటాన్ని చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాడు. ఆ వీధి పొడవునా గుమ్మాల ముందు బిందెలు పట్టుకుని నిలబడ్డ అంతమందిలో, ఆమె ఏం చేసిందో తెలిసినవాడు అతనొక్కడే. ఘటం నెత్తిన ఉన్నప్పుడు తల దించుకోవడానికి వీల్లేదు. ఊర్మిళ అతని కళ్ళలోకి చూస్తూనే అతన్ని దాటింది. తరువాతి గుమ్మం ముందు ఆగి, పాదాలు జోడించి, నీళ్ళు పోస్తారని నిలబడింది.